విశాఖ పెళ్ళింట్లో 'చట్నీ' పాట

విశాఖపట్నం అనగానే మీకేం గుర్తొస్తుంది? రామకృష్ణా బీచి, కైలాసగిరి, సింహాచలం అప్పన్న... పిల్లలున్న వాళ్ళకయితే బీచి ఒడ్డున పెట్టిన కురుసురా జలాంతర్గామి. నేనూ ఇన్నేళ్ళూ అవే చూశాను. ఎవరైనా అడిగితే అవే చెప్పేదాన్ని. కానీ 2025 మాఘమాసంలో మా వదిన కూతురి పెళ్ళికని వెళ్ళి, పది రోజులు ఉండి, ఆ ఊళ్ళో నేనెప్పుడూ ఎరగని సంగతొకటి తెలుసుకుని వచ్చాను. చూసి వచ్చానని అనను, విని వచ్చాను. ఆ ముచ్చటే ఇవాళ మీకు చెబుతాను.

మా మేనత్తది వన్‌టౌన్. పాత పోస్టాఫీసు దాటి సందులోకి తిరిగితే పాతకాలపు డాబా ఇల్లు. డాబా ఎక్కారంటే ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, దాని పక్కనుంచి ఓడరేవులోకి వెళ్ళే నీటిదారి. బియ్యం ఏరుకుంటూ కూర్చుంటే, ఇళ్ళ కప్పుల మీదుగా ఓ పెద్ద ఓడ నిమ్మళంగా నడిచి వెళ్ళిపోతూ ఉంటుంది. మొదటిసారి చూసినవాళ్ళు చేట కింద పెట్టి లేచి నిలబడతారు! 1933 అక్టోబరు 7న 'జలదుర్గ' అనే ఓడ ఈ రేవులోకి మొట్టమొదట వచ్చింది. అంతకుముందు ఓడలు దూరంగా సముద్రంలోనే లంగరు వేసేవి, మనుషుల్నీ సరుకునీ మసూలా పడవల్లో అలల మీదుగా చేరేసేవారు. ఆ రోజులు చూసిన తన తల్లి చెప్పిన కబుర్లు మా అత్తయ్య ఇప్పటికీ చెబుతుంది. ఆవిడకి ఎనభై దాటాయి. చెవులు మాత్రం పాము చెవులు.

వెళ్ళిన మర్నాడు శుభలేఖ పట్టుకుని బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గరికెళ్ళాం. మీరు చూడకపోతే ఈసారి తప్పకుండా వెళ్ళండి. అమ్మవారి మీద కప్పు ఉండదు. ఆకాశం కిందే కూర్చుని ఉంటుంది తల్లి. పసుపు, కుంకుమ ఎవరికి వాళ్ళం స్వయంగా పెట్టుకోవచ్చు. మార్గశిర గురువారాల్లో అయితే అడుగు పెట్టే సందుండదుట. మేం వెళ్ళిన రోజు తీరిగ్గానే దర్శనమయింది.

ఇక అసలు కథకొస్తాను. మా వదిన కొడుకు ఓడ మీద ఇంజనీరు. చెల్లెలి పెళ్ళికని సెలవు మీద వచ్చాడు. వాడి ఓడ ఆ ముందు ట్రినిడాడ్ దాకా వెళ్ళి వచ్చిందట. ట్రినిడాడ్ అంటే మనిళ్ళల్లో మగవాళ్ళకి బాగా తెలుసు, బ్రయాన్ లారా దేశం కదా! వెస్టిండీస్ జట్టులో రామ్‌దీన్, నరైన్, చందర్‌పాల్ అని మన పేర్లు వినిపిస్తే 'వీళ్ళెవరబ్బా' అని మీరూ ఎప్పుడో ఓసారి అనుకునే ఉంటారు. ఆ పేర్ల వెనక ఉన్న కథే ఇది కూడా.

మేం ఆడవాళ్ళం హాల్లో కూర్చుని అరిసెల పిండి జల్లిస్తుంటే వాడు చెంబంత పెట్టెలోంచి పాటలు పెట్టాడు. "అత్తా, అక్కడ ఇప్పుడు కొత్త పాటల కాలం" అన్నాడు. మనకి సంక్రాంతికి కొత్త సినిమాలొచ్చినట్టు, వాళ్ళకి కార్నివాల్‌కి కొత్త పాటలొస్తాయిట. క్రైస్తవులు ఉపవాసాలు మొదలుపెట్టే బూడిద బుధవారానికి ముందు సోమ, మంగళవారాలు రెండురోజులూ కార్నివాల్. ఊరంతా రంగురంగుల వేషాలు కట్టి వీధుల్లోకొస్తారు. దానికి మూణ్ణాలుగు నెలల ముందునుంచే పాటగాళ్ళు వరసగా కొత్తపాటలు వదులుతారు. ఊరేగింపులో, న్యాయనిర్ణేతలు కూర్చున్న చోట్ల ఏ పాట ఎక్కువసార్లు మోగితే ఆ పాటకి ఆ యేటి 'రోడ్ మార్చ్' బిరుదు. 2023లో బంజి గార్లిన్ పాట 'హార్డ్ ఫెట్'కి, 2024లో మికల్ తేజా పాట 'డి.ఎన్.ఏ.'కి వచ్చిందిట. పోయినేడాది పాట ఈ యేడు ఎవరూ పట్టించుకోరు. ఉగాది పచ్చడి మర్నాటికి ఎవరు తింటారు చెప్పండి!

ఈ పాటల్ని 'సోకా' అంటారు. కాలిప్సో అని వాళ్ళకో పాత పాట ఉండేది, వీధి కబుర్లనీ రాజకీయాలనీ ఎత్తిపొడిచే పాట. మన బుర్రకథలో వంత హాస్యం చెప్పినట్టన్నమాట. 1970ల మొదట్లో అది నీరసపడిపోతోందని లార్డ్ షార్టీ అనే ఆయనకి బెంగ పట్టుకుంది. ఈయన అసలు పేరు గార్‌ఫీల్డ్ బ్లాక్‌మన్. నల్లజాతివాడే గానీ, పుట్టి పెరిగింది లెంగ్వా అనే ఊళ్ళో, చుట్టూ భారతీయుల ఇళ్ళే. పక్కింటి పెళ్ళిళ్ళల్లో విన్న డోలకు, ఇనప కడ్డీ మీద వాయించే ధంతాళ్ తెచ్చి కాలిప్సోలో కలిపాడు. 1973లో 'ఇంద్రాణి', మరుసటేడు 'ఎండ్‌లెస్ వైబ్రేషన్స్'. అలా పుట్టింది సోకా. అంటే ఇవాళ ప్రపంచమంతా గంతులేస్తున్న ఆ సంగీతం పుట్టుకలో మన పెళ్ళిపందిరి చప్పుడు ఓ పాలు ఉందన్నమాట.

వాడు ఇదంతా చెబుతూ ఇంకో పాట పెట్టాడు. మొదట ఒక్క డోలు టకటకమని, వెనకాల ఇంకోటి, ఆ వెనక పెద్ద డోలు, కంచు తాళాలు... మా అత్తయ్య మంచం మీంచి తల తిప్పింది.

"ఏట్రా అది? తాషా కాదూ?"

మేనల్లుడు నోరు తెరిచాడు. "అవునమ్మమ్మా, వాళ్ళూ తాసా అనే అంటారు!"

మీలో పెద్దవాళ్ళకి గుర్తుంటుంది, పీర్ల పండక్కి తాషా, మరఫా మోగేవి. గిన్నెలాంటి మట్టి డోలుకి మేక తోలు బిగించి, సన్నటి పుల్లలతో వాయిస్తారు. తోలు బిర్రుగా రావడానికి ముందు మంట దగ్గర కాస్తారు. ట్రినిడాడ్‌లోనూ అచ్చంగా అంతే. అక్కడ పీర్ల పండుగని 'హోసే' అంటారు. ఇక్కడి పల్లెల్లో లాగే అక్కడా ఆ పండక్కి హిందువులూ వస్తారు, నల్లవాళ్ళూ వస్తారు. 1884లో ఆ ఊరేగింపు మీద తెల్లదొరల పోలీసులు కాల్పులు జరిపి చాలామందిని పొట్టన పెట్టుకున్నారు. డోలు మోగితే దొరలకి భయం. అప్పుడూ భయమే, తరవాతా భయమే. ఆ మాట మళ్ళీ చెబుతాను.

"మరి మన తాషా అక్కడికెలా పోయిందిరా?" అని అడిగింది అత్తయ్య. అడిగి, జవాబు కూడా తనే చెప్పింది. "రంగం ఎల్లినట్టే ఎల్లుంటార్లే."

ఉత్తరాంధ్ర వాళ్ళకి విడమర్చి చెప్పక్కర్లేదు. తక్కినవాళ్ళ కోసం చెబుతున్నాను. రంగం అంటే రంగూన్. కరువొచ్చినప్పుడు ఈ జిల్లాల జనం విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల్లో ఓడెక్కి బర్మా వెళ్ళిపోయేవారు. కొందరు డబ్బు పంపేవారు, కొందరు మళ్ళీ వచ్చేవారు, కొందరు ఏమయ్యారో తెలియదు. మా అత్తయ్య చిన్న మేనమామ ఆ మూడోరకం. ఊళ్ళో ఇప్పటికీ బర్మా క్యాంపు అని ఓ పేట ఉంది. రంగం దగ్గర. అంతకంటే దూరాలు పోయినవాళ్ళు కూలీ ఒడంబడిక మీద పోయినవాళ్ళు. ఐదేళ్ళు చెరకు తోటల్లో చాకిరీ చేస్తామని వేలిముద్ర వేసి మారిషస్, దక్షిణాఫ్రికా, ఫిజీ, వెస్టిండీస్ వెళ్ళారు. 1838 మే 5న గయానాకి, 1845లో మే 10న జమైకాకి, అదే నెల 30న ట్రినిడాడ్‌కి మొదటి ఓడలు చేరాయి. 1917 వరకూ ఈ ఓడలు నడిచాయి. గయానాకి సుమారు 2 లక్షల 39 వేలమంది, ట్రినిడాడ్‌కి సుమారు లక్షా 44 వేలమంది, జమైకాకి 36 వేల పైచిలుకు.

మనవాళ్ళే అంతా అని గొప్పలు పోను. ఎక్కువమంది కలకత్తా రేవులో ఎక్కిన భోజ్‌పురి వాళ్ళు. మద్రాసు రేవులో ఎక్కినవాళ్ళు తక్కువ, వాళ్ళల్లో తమిళులతోపాటు తెలుగువాళ్ళున్నారు. అందర్నీ కలిపి 'మద్రాసీలు' అనేశారు. అయితే ఒక్క సంగతి నన్ను పట్టుకుంది. గయానాలో ఆ మద్రాసీల సంతతి అమ్మవారి గుళ్ళల్లో కొలుపులకి వాయించే వాయిద్యం పేరు 'తప్పు'. మేక తోలు, గుండ్రని చట్రం, రెండు పుల్లలు, వాయించే ముందు మంట కాపడం. దక్షిణాది వాళ్ళందరిదీ అనుకోండి ఆ డప్పు. కానీ విజయనగరం, శ్రీకాకుళం వైపు తప్పెటగుళ్ళ వాళ్ళు రొమ్ముకి తప్పెట కట్టుకుని గజ్జెలతో ఎగురుతుంటే మీరు చూసే ఉంటారు. మనం తప్పెట అంటాం, వాళ్ళు తప్పు అంటారు. నూటడెబ్భై ఏళ్ళయింది, భాష పోయింది, ఇంటిపేర్లు పోయాయి, డోలు పేరు మాత్రం ఉండిపోయింది. ఆ మాట విన్నాక అత్తయ్య చాలాసేపు మాట్లాడలేదు.

మర్నాడు మా అన్నయ్యగారు, అంటే వదిన భర్త, మమ్మల్ని ఉక్కునగరం తీసుకెళ్ళారు. ఆయన ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరయ్యారు. ఆ ఊరి చెట్లూ, రోడ్లూ, క్వార్టర్లూ చూస్తే కడుపు నిండిపోతుంది. 1966లో 'విశాఖ ఉక్కు ఆంధ్రుల హక్కు' అని ఎంతమంది ప్రాణాలు పోయాయో, 1971లో ఇందిరాగాంధీ శంకుస్థాపన చేస్తే పని పూర్తి కావడానికి ఎంత కాలం పట్టిందో ఆయన దారిపొడుగునా చెబుతూనే ఉన్నారు. 1992 ఆగస్టు 1న పి.వి. నరసింహారావు జాతికి అంకితం చేసినప్పుడు జనంలో తనూ ఉన్నానన్నారు.

"మావయ్యా"... అనబోయి నాలిక్కరుచుకుని "నాన్నా" అన్నాడు మేనల్లుడు (పెళ్ళిసందట్లో వరసలు కలిసిపోతాయిలెండి!), "సరిగ్గా అదే నెలలో, 1992 ఆగస్టు 31న, ట్రినిడాడ్ వాళ్ళు తమ ఉక్కు వాయిద్యాన్ని జాతీయ వాయిద్యంగా ప్రకటించుకున్నారు."

ఉక్కు వాయిద్యమేమిటి అంటారా? స్టీల్‌పాన్. ఇందాక డోలంటే దొరలకి భయమన్నాను కదూ! 1880ల్లో ట్రినిడాడ్‌లో వీధుల్లో డోళ్ళు వాయించడాన్ని నిషేధించారు. నల్లవాళ్ళు ఊరుకుంటారా? వెదురు గొట్టాలు నేలకేసి కొట్టి పాడుకున్నారు. అదీ వద్దన్న కాలంలో బిస్కెట్ డబ్బాలు, రంగు డబ్బాలు, చివరికి చమురు పీపాలు. అది చమురు దొరికే దేశం, పీపాలకి కొదవ లేదు. రెండో ప్రపంచయుద్ధం అయ్యేసరికి పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేటల్లో కుర్రాళ్ళు ఆ పీపాల్లోంచి సరిగమలు పలికించేస్తున్నారు. పీపా అడుగుని పెద్ద సుత్తితో కొట్టి కొట్టి మన బూరెల మూకుడులా లోపలికి దింపుతారు. దాని మీద స్వరస్థానాలు గీసి, అంచు కోసి, నిప్పు మీద కాల్చి, తర్వాత చిన్న సుత్తితో ఒక్కో స్వరం తట్టి శ్రుతి చేస్తారు. 1951లో వీళ్ళ బృందం లండన్ వెళ్ళి వాయిస్తే జనం పీపాల కిందకి వంగి చూశారుట, లోపల ఏముందోనని! ఇప్పుడు ఆగస్టు 11ని ఐక్యరాజ్యసమితి ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా 2023లో ప్రకటించింది.

"అయితే మన ఉక్కుతో అవి చేయొచ్చా?" అని వదిన అడిగింది. "మనం చేసేవి కడ్డీలు, తీగచుట్టలు. పీపాకి రేకు కావాలి" అన్నారు అన్నయ్యగారు గంభీరంగా. తిరిగొస్తుంటే మల్కాపురం దగ్గర రిఫైనరీ గొట్టాలు కనిపించాయి. ఓడరేవు, చమురు, ఉక్కు మూడూ ఉన్న ఊరు మనది. పీపాలూ ఉన్నాయి. వాటిలో మనం నీళ్ళు పట్టుకుంటున్నాం.

ఆ సాయంత్రం ట్రినిడాడ్ నుంచి తెచ్చిన రెండు సీసాలు తీశాడు మేనల్లుడు. మన పత్రికలో వంటల పేజీ ముందు తిప్పేవాళ్ళు ఈ ముక్క శ్రద్ధగా చదవాలి. ఒకటి 'కుచేలా'. పచ్చిమామిడి తురిమి, పిండి, ఎండబెట్టి, వెల్లుల్లి, ఘాటు మిరప, ఆమ్‌చార్ మసాలా అనే ఓ పొడి, ఆవనూనె కలుపుతారు. మన మామిడి తురుం పచ్చడికి దూరపు చెల్లెలు. అత్తయ్య నాలిక్కి రాసుకుని "ఆవఘాటుంది గానీ ఉప్పు చాల్లేదు" అని తీర్పు చెప్పింది. రెండోది కాకరకాయ, క్యారెట్ ముక్కలు, భగ్గుమనే మిరపకాయలు కలిపి ఊరేసినది. దాని పేరేమిటో తెలుసా? 'మదరిన్లా'! అత్తగారు! ఎందుకా పేరు పెట్టారో ముద్ద నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది. పెళ్ళికూతురు పడీపడీ నవ్వింది. మా అత్తయ్య కూడా.

"పచ్చడి పేరుతో పాట కూడా ఉంది" అన్నాడు వాడు.

అదే 'చట్నీ' పాట. అక్కడి భారతీయుల పెళ్ళిళ్ళల్లో 'మటికోర్' అని ఓ వేడుక ఉంది. పెళ్ళికి ముందు శుక్రవారం రాత్రి ఆడవాళ్ళు మాత్రమే పుట్టమన్ను తేవడానికి వెళ్ళినట్టు మన్ను తేవడానికి వెళతారు. మగవాళ్ళకి ప్రవేశం లేదు. అక్కడ డోలకు పెట్టుకుని ఆడవాళ్ళు పాడే పాటలుంటాయి చూశారూ... మగాళ్ళ ముందు పాడే పాటలు కావవి! కాబోయే అల్లుణ్ణీ, మొగుళ్ళనీ, శోభనం గదినీ కలిపి ఏకేస్తారు. నడుం తిప్పి ఆడతారు. ముసలమ్మలే ముందుంటారు. ఆ నాలుగ్గోడల మధ్య పాటే వేదికెక్కి 'చట్నీ' అయింది. కారంగా, గబగబా ఉంటుంది గనక ఆ పేరు. 1970 ప్రాంతంలో సుందర్ పోపో అనే ఆయన తాత, అమ్మమ్మ సరదా సంసారం మీద 'నానా అండ్ నానీ' పాడాడు, అందరూ చప్పట్లు కొట్టారు. 1987లో ద్రుపతీ రామ్‌గూనై అనే ఆవిడ 'చట్నీ సోకా' పాడింది, మరుసటేడు 'మిస్టర్ బిస్సెసార్' అని తాసా వాయించే ఆయన మీద పాడింది. ద్రుపతీ అంటే మన ద్రౌపదే. అప్పుడు మాత్రం పెద్దమనుషులకి కోపం వచ్చింది. హిందూ ఆడది కార్నివాల్ వేదికెక్కి నడుం తిప్పుతుందా, పరువు తీసింది అని తిట్టిపోశారు. మగవాడు పాడితే సరదా, ఆడది పాడితే పరువు! ఈ లెక్క ఏ ద్వీపంలోనైనా ఒకటేనేమో. ఆవిడ ఆగలేదు. 2025 కార్నివాల్ పాటల్లో కూడా మాచెల్ మోంటానో అనే పెద్ద గాయకుడితో కలిసి 'పెప్పర్ వైన్' అని పాడింది. నేను మా మేనత్త హాల్లో విన్నవాటిల్లో నాకు బాగా నచ్చిందదే.

ఆవిడ కంటే ముందు కాలిప్సో రోజ్ అని టొబాగో ద్వీపం ఆడపడుచు ఉంది. రోడ్ మార్చ్ గెలిచిన మొదటి స్త్రీ, 1977లో. మరుసటేడు పెద్ద పోటీ కూడా గెలిస్తే, ఇన్నాళ్ళూ 'కాలిప్సో కింగ్' అంటున్న బిరుదుని ఏం చేయాలో తెలియక 'మోనార్క్' అని మార్చుకున్నారు. ఆడదాన్ని రాజు అనలేరు కదా!

అన్నీ మెచ్చుకోవడం లేదు లెండి. ఇప్పటి చట్నీ సోకా పాటల్లో సగానికి సగం తాగుడు మీదే. రమ్ము, రమ్ము, రమ్ము. నాలుగు విన్నాక మా వదిన లేచి ఆపేసింది. డాన్స్‌హాల్ అని జమైకా నుంచి వచ్చేవాటిలో మాటలు అర్థం కాకపోవడమే మన అదృష్టం అనిపించేవి కొన్నున్నాయని వాడే ఒప్పుకున్నాడు.

జమైకా సంగతి కొంచెం చెప్పాలి. బాబ్ మార్లీ పాడిన రెగే అక్కడిది. 2018లో యునెస్కో వాళ్ళు అమూర్త సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చారు. మారిషస్‌లోనయితే రెగేని వాళ్ళ సెగా పాటతో కలిపి 'సెగ్గే' అంటున్నారు. అక్కడి తెలుగువాళ్ళు ఇప్పటికీ రామభజనలు తెలుగులోనే పాడుకుంటారు, పిల్లలు సెగ్గేకి ఆడతారు. జమైకాలో కొత్త పాటలు ఒక్కొక్కటిగా రావు, గుత్తిగా వస్తాయిట. ముందు ఒక బాణీ తయారుచేస్తారు, దాన్ని 'రిడిమ్' అంటారు. ఆ ఒక్క బాణీ మీద పదిమంది, ఇరవైమంది గాయకులు ఎవరి పాట వాళ్ళు కట్టి పాడతారు. 2002లో లెంకీ మార్స్‌డెన్ అనే ఆయన చేసిన బాణీ పేరు 'దివాలీ'. చప్పట్లతో సాగుతుంది. దాని మీద వచ్చిన పాటలు ప్రపంచమంతా మోగాయి.

ఇంకో బాణీ కథ వినండి. 1980లో ఒకుడా హిరోకో అని జపాన్ అమ్మాయి సంగీత కళాశాలలో రెగే మీద వ్యాసం రాసి పట్టా పుచ్చుకుని, కాసియో కంపెనీలో ఉద్యోగంలో చేరింది. పిల్లలు వాయించుకునే చిన్న కీబోర్డులో మీట నొక్కితే మోగే వరసల్ని తయారుచేసే పని ఇచ్చారు. 1981లో వచ్చిన ఆ కీబోర్డులో ఆవిడ చేసిన ఓ వరసని జమైకా వాళ్ళు పట్టుకున్నారు. 1985లో వేన్ స్మిత్ 'అండర్ మి స్లెంగ్ టెంగ్' అని పాడాడు, కింగ్ జామీ విడుదల చేశాడు. డాన్స్‌హాల్ తీరే మారిపోయింది, ఆ బాణీ మీద వందలకొద్దీ పాటలొచ్చాయి. ఆఫీసులో కూర్చుని బుద్ధిగా పనిచేసుకునే ఓ అమ్మాయి వేళ్ళ కింద నుంచి! 2020లో అయితే కాఫీ అనే పందొమ్మిదేళ్ళ జమైకా పిల్ల రెగేకి గ్రామీ బహుమతి తెచ్చుకుంది. ఆ బహుమతి ఆడపిల్లకి రావడం అదే మొదలు.

"ఒక బాణీ, ఇరవై పాటలూనా? అదేటి గొప్ప? మేం అలాగే కదే పాడీవోళ్ళం" అంది అత్తయ్య.

నిజమే కదా! నలుగు పాటలు, బంతుల పాటలు, వియ్యపురాలి పాటలు... బాణీలు నాలుగైదే, పాటలు వందలు. ఎవరి వియ్యపురాలు ఎలా ఉంటే అలా మాట మార్చి కట్టేసేవారు. అత్తయ్య లేచి ట్రంకుపెట్టె తెరిపించింది. అడుగున జాకెట్టు గుడ్డలో చుట్టిన నోటుబుక్కు. అరవై నాలుగు పాటలు, పెన్సిల్‌తో. కొన్ని పేజీలు చెదలు తినేసింది. కొన్నింట్లో మొదటి మాట మాత్రమే రాసుంది. "మిగతాది బుర్రలో ఉండీదిలే అప్పట్లో" అంది.

పెళ్ళిలో ఆ పాటలకి చోటు లేదు. ముందురోజు రాత్రి పందిట్లో మోగేవన్నీ పెట్టెలే, డి.జె. అని ఓ కుర్రవాడు, గుండెలదిరే చప్పుడు. పక్కన కూర్చున్నవాళ్ళ మాట పక్కవాళ్ళకి వినపడదు. నాకు కోపం వచ్చినమాట నిజం. కానీ పెళ్ళికూతురు స్నేహితురాళ్ళు ఎంత హాయిగా ఆడారో చూశాక మటికోర్ గుర్తొచ్చి ఊరుకున్నాను. వాడు మధ్యలో రెండు సోకా పాటలు కూడా వేయించాడు. ఏ సినిమాలోవని అందరూ అడిగారు.

మర్నాడు మగపెళ్ళివారికి ఇంట్లోనే అరిటాకుల బంతి పెట్టాం. పప్పు వడ్డిస్తుండగా మా అత్తయ్య, ఎవరికీ చెప్పకుండా, కుర్చీలో కూర్చునే ఎత్తుకుంది. వియ్యపురాలి పాట. వియ్యపురాలి పట్టుచీర అంచు దగ్గర మొదలుపెట్టి ఆవిడ తిండిదాకా వచ్చింది. గొంతు వణుకుతోంది గానీ మాట పదునుగానే ఉంది. వియ్యపురాలు, పాపం హైదరాబాదులో పెరిగినావిడ, చెయ్యి కలపకుండా ఆపేసింది. మొహం ఎర్రబడింది. అందరం నిశ్శబ్దం. వదిన నెయ్యిగిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. నా గుండె జారిపోయింది, పెళ్ళయి ఇరవైనాలుగ్గంటలు కాలేదు!

అప్పుడు బంతి చివరనుంచి మగపెళ్ళివారి పెద్దమ్మగారు, బొబ్బిలి ఆవిడ, చేతిలో ముద్ద ఆకులో పెట్టేసి జవాబు పాట ఎత్తుకున్నారు. అదే బాణీ! మా ఇంటి పప్పులో నీళ్ళనీ, మా అత్తయ్య బోసినోటినీ కలిపి కట్టేశారు. అత్తయ్య నవ్విన నవ్వుకి వీధిలో వాళ్ళు తొంగిచూశారు. ఆ తర్వాత పెద్దావిళ్ళిద్దరూ అరగంట ఆగలేదు. సాంబారు చల్లారిపోయింది. వియ్యపురాలు చివరికి కళ్ళు తుడుచుకుంటూ నవ్వి, "నాకెవరూ నేర్పలేదండీ ఇవి" అంది మా వదినతో.

మేనల్లుడు ఫోన్లో పట్టాడు మొత్తం. వాయిద్యం లేదు, వెనకాల గిన్నెల చప్పుడూ, ఎవరిదో పాప ఏడుపూ ఉన్నాయి. అయినా బాగుంది.

వాడు మళ్ళీ ఓడెక్కాడు. మార్చి 3, 4 తేదీల్లో కార్నివాల్ అయిపోయింది, రోడ్ మార్చ్ మాచెల్ మోంటానో పాట 'పార్డీ'కి వచ్చిందని సముద్రం మధ్యనుంచి కబురు పెట్టాడు. మీకూ వినాలనుంటే ముందు 'నానా అండ్ నానీ'తో మొదలుపెట్టండి, ఆ తర్వాత 'మిస్టర్ బిస్సెసార్'. తాసా మోగేటప్పుడు మీ ఇంట్లో పెద్దవాళ్ళని పక్కన కూర్చోబెట్టుకోండి. కొత్త పాటలు జనవరి, ఫిబ్రవరిల్లో వెతికితే కొల్లలుగా దొరుకుతాయి. పిల్లలు పడుకున్నాక వినండి, మాటలు ఎలాంటివో చెప్పలేం.

అత్తయ్య నోటుబుక్కులో మొదటి మాట మాత్రమే ఉన్న పాటలు తొమ్మిది. వదిన రోజూ వంటింట్లో ఆవిడ దగ్గర కూర్చుని అడుగుతోంది. మొన్న రాత్రి పదింటికి నాకు ఫోన్ చేసింది. అప్పగింతల పాటలో మూడో చరణం గుర్తొచ్చిందట, మళ్ళీ మర్చిపోతుందేమోనని పాల చీటీ వెనకాల రాసేసుకున్నారుట. "బాణీ మాత్రం ఎలా రాసుకోవాలో తెలీడం లేదు" అంది. ఫోన్లో పాడించి దాచమన్నాను.